అటక మీది వీణ, డాలస్‌లో పురుడు

ప్రశ్న: నాకు 50 ఏళ్ళు. మాది విజయనగరం. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వీణ సర్టిఫికెట్ కోర్సు పూర్తిచేసి, డిప్లొమాలో చేరిన ఏడాదే, 1996లో, పెళ్ళయింది. మా వారు బ్యాంకు ఉద్యోగి, మరో మూడేళ్ళలో రిటైరవుతారు. అమ్మాయి పెళ్ళయి డాలస్‌లో ఉంటోంది. అబ్బాయి ఇంటర్ చదివిన రెండేళ్ళూ విశాఖపట్నంలో వాడి కళాశాల పక్కనే గది అద్దెకు తీసుకుని వండిపెట్టాను. ఇంజనీరింగ్ ఇంటి నుంచే బస్సులో వెళ్ళి చదివాడు. గత జూన్‌లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇల్లు బోసిపోయింది. సిరిమాను సంబరానికి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళాడు. వాడి గది రోజూ తుడిచి అలాగే ఉంచుతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది, లేచి ఎవరికి ఏం చేయాలో తోచదు. మొన్న మా ఆడపడుచు వచ్చి, "ఈ పూట నేను వండుతాను, నీకు ఏ కూర ఇష్టమో చెప్పు వదినా" అంటే నాకు జవాబు రాలేదు.

వీణ మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. మా వారు "ఈ వయసులో వీణేమిటి, కచేరీలు చేస్తావా" అని నవ్వారు. ఇంతలో అమ్మాయికి మార్చిలో పురుడు. వచ్చి ఆరు నెలలూ ఉండమంటోంది. వెళ్ళనని అనడానికి నోరు రాదు; వెళ్తే వీణ ఇక అటక దిగదనిపిస్తోంది. కన్నకూతురి పురుడు కన్నా నాకు వీణ ఎక్కువయిందా అని నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇన్నేళ్ళలో నేను చేసినదంటూ ఏమీ లేదు. పిల్లలు పుట్టకముందు నేను ఎవరినో మళ్ళీ తెలుసుకోవడం ఎలా?

— విజయనగరం నుంచి ఒక సోదరి

సమాధానం: మీ ఉత్తరంలో పెద్ద ప్రశ్న చివరన ఉంది గాని, నన్ను ఆపినది మధ్యలో ఉన్న కూర సంగతి. ఆడపడుచు అడిగితే జవాబు రాలేదని మీరు సిగ్గుపడుతూ రాశారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదని ముందుగా చెప్పనివ్వండి. అమ్మాయి వంకాయ ముట్టదు, అబ్బాయికి కాకరకాయ చేదు, ఆయనకు రక్తపోటు కనుక ఉప్పూ కారమూ తగ్గించాలి అన్న లెక్కలతో ఇన్నేళ్ళు వండిన చేయి, ఎవరికి ఏది పడదో గుర్తుపెట్టుకుంటుంది తప్ప తనకు ఏది ఇష్టమో గుర్తుపెట్టుకోదు. అందరూ తిన్నాక మూకుట్లో మిగిలినది పారేయలేక తినడం చాలా ఇళ్ళలో తల్లుల భోజనం. రుచి పోలేదు, దాని సంగతి ఎవరూ అడగలేదు, అంతే. కనుక పనస పొట్టు దొరికే రోజుల్లో, ఇద్దరి కోసం అంత శ్రమ ఎందుకని వెనుకాడకుండా, ఆవ పెట్టి మీకోసమే ఆ కూర వండుకోండి. నచ్చకపోతే మరునాడు మరొకటి. ఇది చిన్న విషయమని నవ్వుకోకండి. మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు ఇంటి లోపల మొదలుపెట్టదగిన చోటు ఇదే.

ఆ పెద్ద ప్రశ్నతో మాత్రం నేను ఏకీభవించలేను. పిల్లలు పుట్టకముందు మీరు ఎవరో వెతికి పట్టుకున్నా ఆమె మీకు ఎక్కువ సాయపడదు. డిప్లొమా మొదటి ఏడాదిలో ఉన్న ఆ అమ్మాయి ఇంటి అద్దె లెక్క చూసి ఎరగదు, ఒక మనిషి జ్వరంతో రాత్రంతా మూలుగుతుంటే పక్కన కూర్చోలేదు, పరాయి ఊళ్ళో గ్యాస్ సిలిండర్ కోసం తిరగలేదు. అవన్నీ చేసిన మనిషి ఇప్పుడు వీణ ముందు కూర్చోబోతోంది. ఇన్నేళ్ళలో చేసినది ఏమీ లేదని మీరు రాసిన వాక్యాన్ని ఖండించడానికి మాతృత్వం గొప్పతనం మీద నాలుగు మాటలు చెప్పడం నాకు చేతకాదు. అటువంటి పొగడ్తలు తల్లులను మళ్ళీ వంటింట్లోకి పంపడానికే ఎక్కువగా పనికివస్తాయని నా అనుమానం. మీరు చేసినది పని, చాలా ఏళ్ళ పని. అందులో పెద్ద భాగం పూర్తయింది. పని పూర్తయినప్పుడు చేతులు కొంతకాలం ఆగవు. మా చిన్నవాడు చదువుకోసం వెళ్ళిపోయిన ఏడాది, ఇద్దరే ఉన్న ఇంట్లో నేను ఎప్పటిలాగే నాలుగు జాడీల ఆవకాయ పెట్టి, ఇరుగుపొరుగులకు పంచి, ఎంత దానశీలినో అనుకున్నాను. చేయి ఆగలేదంతే అని రెండేళ్ళ తరువాత గాని తెలియలేదు.

నాలుగున్నర మెలకువ సంగతి రెండు విధాలుగా చూడాలి. మొదటిది శరీరం. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ముట్టు ఆగిపోతుంది. దానికి ముందూ వెనుకా కొన్నేళ్ళపాటు నిద్ర మధ్యలో తెగిపోవడం, ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కి చెమట పట్టడం, కారణం లేకుండా కన్నీళ్ళు రావడం మామూలే. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా నిస్సత్తువ, దిగులు వస్తాయి. పిల్లలు వెళ్ళిన దిగులని అందరూ ఒకే పేరు పెట్టే స్థితిలో సగం రక్తపరీక్షలో బయటపడిన సందర్భాలు నాకు తెలుసు, కనుక వీణ కన్నా ముందు ఒకసారి వైద్యురాలిని కలవండి. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం ఏ పని మీదా మనసు పోకపోయినా, ఆకలి చచ్చినా, బతుకు మీద విరక్తి కలిగినా, అది సర్దుకుపోవలసిన విషయం కాదు. మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

శరీరం బాగానే ఉందని తేలితే, అదే మెలకువ రెండో విధంగా మీకు కలిసివస్తుంది. సాధనకు తెల్లవారుజాము మంచిదని మీ గురువులు చెప్పకుండా ఉండరు. అబ్బాయి పరీక్షల కోసం అలవాటు చేసుకున్న ఆ గంటన్నర, పాలవాడు వచ్చేదాకా, ఇంట్లో ఎవరికీ చెందని సమయం. దానికోసం మీరు ఎవరినీ ఏదీ అడగవలసిన అవసరం లేదు.

ఇక వీణ. 1919లో మహారాజావారు స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి అధ్యక్షులుగా నియమించిన కళాశాలలో మీరు నాలుగేళ్ళు నేర్చుకున్నారు. కనుక నేర్పవలసినది నా దగ్గర ఏమీ లేదు. అయినా చాలా ఏళ్ళ తరువాత వాద్యం ముట్టుకున్నవారు ఎక్కడ ఆగిపోతారో చూశాను, అది చెబుతాను. మొదటి వారం ఉత్సాహంగా సాగుతుంది. రెండో వారంలో ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు కొసలు తీగ కోతకు మండుతాయి, ఎందుకంటే అప్పట్లో కాసిన కాయలు ఎప్పుడో కరిగిపోయాయి. రెండో నెలలో అసలు కష్టం వస్తుంది. ఇన్నేళ్ళు రేడియోలోనూ ఫోన్‌లోనూ మంచి సంగీతం విని విని చెవి ఎంతో ఎదిగి ఉంటుంది, వేళ్ళు మాత్రం చిన్నపిల్లల స్థాయిలో ఉంటాయి. తన చేత్తో పలికిన గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరును, తన చెవే ఒప్పుకోదు. చాలామంది వీణను మళ్ళీ బట్ట కప్పి పెట్టేది అప్పుడే, పైగా వయసు మీద నెపం వేసి. మీరు వర్ణం వంటి పెద్ద రచనతో మొదలుపెట్టకండి. డిప్లొమా దాకా వెళ్ళినదాన్నన్న అహం పక్కన పెట్టి, మాయామాళవగౌళ రాగంలో తొలిపాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు నెలలు వాయించండి. చెవి కోరేది ఇవ్వడానికి వేళ్ళకు కావలసిన గడువు అది. మోకాళ్ళు సహకరించకపోతే ఎత్తు పీట మీద కూర్చుని, వీణకు ఆధారం పెట్టుకుని వాయించవచ్చు. నేల మీదే కూర్చోవాలన్న పట్టింపు అక్కరలేదు.

అంతకన్నా ముందు అటక మీదిది దించి చూడాలి. మీ వీణ బొబ్బిలిదని రాయలేదు గాని, ఆ ప్రాంతంలో ఆ రోజుల్లో కొన్నదంటే అదే అయి ఉంటుందని అనుకుంటున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండిగా చేసే వీణలవి. 2012లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. (కూరకూ వీణకూ ఒకే చెట్టు పనికిరావడం ఇప్పుడు రాస్తుంటేనే తోచింది.) అటువంటి చెక్క సులభంగా పాడుకాదు. పాడయ్యేది మైనం. ఇరవై నాలుగు మెట్లనూ, అంటే తీగను నొక్కే లోహపు పట్టీలను, పట్టి ఉంచే ఆ మైనం ఎండలకు మెత్తబడి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగిలి, మెట్లు స్థానం తప్పుతాయి. ఆ స్థితిలో ఉన్న వీణ మీద సాధన మొదలుపెడితే ఎంత సరిగా నొక్కినా స్వరం తప్పుగానే పలుకుతుంది, తప్పు మీదేననుకుంటారు. గొల్లపల్లి తీసుకువెళ్ళి పాత మైనం తీయించి, మెట్లు కొత్తగా కట్టించి, ఏడు తీగలూ మార్పించుకోండి. దాని ఖర్చు మీ డబ్బుతోనే పెట్టండి. పోపులపెట్టెలో దాచినదైనా, మీ పేరున ఉన్న ఖాతాలోదైనా ఫరవాలేదు. ఆయన ఇవ్వరని కాదు. ఇచ్చినవారికి అడిగే హక్కు వస్తుంది, "ఎంతవరకు వచ్చింది నీ వీణ" అని.

మీ వారి నవ్వు గురించి మీరు నొచ్చుకున్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైనదేమిటంటే, ఇన్నేళ్ళలో మీ వీణను ఎవరూ వద్దనలేదు, ఎవరూ వాయించమనీ అనలేదు. ఆ నవ్వు కూడా ఆ కోవలోదే. నిషేధమని దాన్ని పెద్దది చేసుకోకండి, అనుమతి కోసం ఎదురుచూడకండి. కచేరీలు చేస్తావా అన్న ప్రశ్నకు చేయనని చెబితే చాలు. ఆయన పొద్దున్నే ఆఫీసు ముందు నడకకు వెళ్ళేది పరుగుపందెంలో గెలవడానికేమీ కాదు కదా. నాకు ఆయన నవ్వు కన్నా, మూడేళ్ళలో వచ్చే ఆయన రిటైర్మెంటు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఇప్పుడు పిల్లలు ఖాళీ చేసిన వేళలన్నీ అప్పుడు ఆయన అవసరాలతో నిండుతాయి: పదకొండింటికి రెండో కాఫీ, ఒంటిగంటకు వేడి అన్నం, నాలుగింటికి టిఫిను, మధ్యలో కళ్ళజోడు ఎక్కడ పెట్టానన్న వెతుకులాట. ఆయన చెడ్డవారని అనడం లేదు. నలభై ఏళ్ళు ఆఫీసు నడిపించిన మనిషికి ఇంట్లో కాలం ఎలా గడపాలో తెలియదు, పక్కన ఉన్నవారి కాలాన్ని వాడుకుంటాడు. ఆయన ఇంట్లో కూర్చునే నాటికి మీ సాధన వేళ, మీ పాఠం రోజు ఇంటి గోడలలాగా ఉన్నచోట ఉండాలి. అప్పుడు ఆయన వాటి చుట్టూ నడవడం నేర్చుకుంటారు. ఈలోగా ఆయనకు కాఫీ డికాక్షన్ వేయడం నేర్పండి. మీరు డాలస్ వెళ్ళినప్పుడు ఎలాగూ కావాలి.

అవును, మీరు డాలస్ వెళ్ళాలనే నా అభిప్రాయం. దేశం కాని దేశంలో తొలిచూలు పురుడు పోసుకుంటున్న కూతురు అమ్మను రమ్మనడంలో స్వార్థం ఏమీ లేదు, మీకూ మనసులో వెళ్ళాలనే ఉంది. వీణ ఎక్కువా కూతురు ఎక్కువా అన్న తూకం మీరే పెట్టుకుని మీరే బాధపడుతున్నారు. అమ్మాయి అలా అడగనే లేదు. ఆమె అడిగినది ఆరు నెలలు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. సందర్శకుల వీసా మీద దిగినవారికి అక్కడి విమానాశ్రయంలో అధికారులు సాధారణంగా వేసే గడువు అది. అది ఉండనిచ్చే గడువు, ఉండితీరవలసిన కాలం కాదు. మన కుటుంబాలు దాన్ని ఆనవాయితీగా మార్చుకున్నాయి: మొదటి ఆరు నెలలు అమ్మాయి తల్లి, తరువాతి ఆరు నెలలు అబ్బాయి తల్లి, ఇద్దరు తల్లులూ విమానాశ్రయంలో ఒకరికొకరు ఎదురుపడేటట్లు టికెట్లు. అలా వెళ్ళిన నా స్నేహితురాళ్ళు చాలామంది చెప్పినది ఒకటే. మొదటి రెండు నెలలు ఊపిరి సలపని పని, తృప్తి, ముద్దు. నాలుగో నెల నుంచి కారు నడపడం రాని ఊళ్ళో, కిటికీ పక్కన, ఊరికి వెళ్ళే తేదీ లెక్కపెట్టుకోవడం. ఆ చివరి నెలలలోనే చిన్న చిన్న మాటలు పెరిగి, తల్లీకూతుళ్ళు నొచ్చుకుని విడిపోయిన ఇళ్ళూ ఉన్నాయి.

తల్లి చేయి నిజంగా కావలసినది ప్రసవం తరువాత మొదటి ఆరు వారాలు. వైద్యులు కూడా బాలింతకాలాన్ని అంతే లెక్కిస్తారు. మీరు ప్రసవానికి రెండు వారాల ముందు చేరి, తరువాత పది వారాలు ఉంటే మొత్తం మూడు నెలలలోపే. అల్లుడిగారి సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. అక్కడి చట్టం ప్రకారం, అర్హత ఉన్న ఉద్యోగులకు బిడ్డ పుట్టినప్పుడు 12 వారాల సెలవు, జీతం లేకపోయినా ఉద్యోగం పోకుండా, దొరుకుతుంది. అది తండ్రికీ వర్తిస్తుంది. కొన్ని కంపెనీలు జీతంతోనూ ఇస్తాయి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అతను ఆఫీసుకు వెళ్ళి, అమ్మ వెళ్ళాక సెలవు తీసుకుంటే, ఆరు నెలల అవసరంలో చాలా భాగం తీరుతుంది, పైగా బిడ్డకు స్నానం చేయించడం తండ్రికి వస్తుంది. ఇదంతా ఇప్పుడే, టికెట్టు కొనకముందే మాట్లాడండి. అక్కడికి వెళ్ళాక, బిడ్డ ఒళ్ళో ఉండగా, తేదీ గురించి మాట్లాడటం ఎవరి వల్లా కాదు. అమ్మాయితో మాట్లాడేటప్పుడు మోకాళ్ళ నొప్పులో, నాన్నగారి భోజనమో సాకుగా చెప్పకండి. ఆమె ఆ సాకుకు పరిష్కారం వెతుకుతుంది, మీరు మరో సాకు వెతుక్కోవాలి. "జూన్‌లో నాకు వీణ పాఠాలు ఉన్నాయి, మే నెలాఖరుకు తిరిగి రావాలి" అని ఉన్న మాట చెప్పండి. ఆమె ఒక నిమిషం మౌనంగా ఉండవచ్చు. అమ్మకు ఒక తేదీ ఉండడం ఆమెకు కొత్త. ఆ నిమిషంలో "పోనీలే, ఉంటాలే" అనేయకుండా నోరు బిగబట్టుకోవడమే మీరు చేయవలసిన కష్టమైన పని.

ఆ మూడు నెలలు వీణ ఎలాగని అడుగుతారు. ఏకాండి వీణను విమానం ఎక్కించే సాహసం వద్దు. ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని, నేర్చుకున్న గీతాలనూ వర్ణాలనూ స్వరాలతో గొంతెత్తి పాడండి. వైణికులకు పాడుకోవడం కూడా సాధనే. పసిబిడ్డ పక్కన ఉంటే దానికి వేరే వేళ కేటాయించనక్కరలేదు. డాలస్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం వారు నెలనెలా సాహిత్య సభ జరుపుతారు. వాతావరణం బాగుంటే ఒక ఆదివారం తీసుకువెళ్ళమని అల్లుడిగారిని అడగండి. వంటింటి బయట మిమ్మల్ని ఆయన చూడడానికి కూడా అది పనికివస్తుంది.

అబ్బాయి విషయంలో చెప్పవలసినది తక్కువ. "తిన్నావా" అని రోజూ అడిగే ఫోన్ ప్రశ్నకు "తిన్నాను" తప్ప జవాబు ఉండదు. దానికి బదులు వారానికి రెండుసార్లు, మీకు ఆ రోజు జరిగినది ఏదైనా మీరే ముందుగా చెప్పండి. తల్లి దగ్గర చెప్పుకోవడానికి ఏదో ఉందని తెలిసిన కొడుకులు ఫోన్ పెట్టేయడానికి తొందరపడరని నా అనుభవం. 45, 60 ఏళ్ళకు పట్టాలు పుచ్చుకున్న తల్లుల కథలు ఎవరైనా మీకు పంపితే చదివి సంతోషించండి, వారితో పోల్చుకుని దిగులుపడకండి. మీరు పరీక్షకు కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు. డిప్లొమా పూర్తిచేయాలని ఉంటే కోట దాటి కళాశాల దాకా వెళ్ళి ప్రవేశాల సంగతి కార్యాలయంలో అడిగి రండి. ఇంటికి అంత దగ్గరలో ఉన్న చోటు గురించి ఇన్నేళ్ళు ఆలోచిస్తూ కూర్చోవడం కన్నా ఒక పూట ప్రయాణం మేలు.

చివరిగా ఆ గది. రోజూ తుడిచి, పుస్తకాలు కదలకుండా ఉంచిన ఆ గదిలోనే వీణ పెట్టమని నా సలహా. హాల్లో టీవీ ఉంటుంది, పడకగదిలో ఆయన నిద్ర ఉంటుంది. తలుపు వేసుకోగల గది ఆ ఇంట్లో అదొక్కటే. వాడి పుస్తకాలను అట్టపెట్టెలో సర్ది, వీణను దించిన అటక మీదికే ఎక్కించండి. మంచాన్ని గోడకు జరిపి, కిటికీ ఎండ నేరుగా పడని చోట చాప పరచుకోండి. సంక్రాంతికి అబ్బాయి వచ్చినప్పుడు, తెల్లవారుజామున ఆ గదిలో దీపం వేస్తే వాడి నిద్ర చెడుతుందని వీణను హాల్లోకి మార్చాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. మార్చకండి. వాడికి ఒక పరుపూ దిండూ ఇచ్చి, ఆ నాలుగు రోజులూ హాల్లో పడుకోమనండి.